అరుగుదల చెప్పే సాక్ష్యం

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం దగ్గర పొద్దున్నే బారులు తీరిన బైకుల నంబర్ ప్లేట్లు చూడండి. కొన్నిటి మీద ఏపీ, చాలావాటి మీద టీఎస్, ఈమధ్యవాటి మీద టీజీ కనిపిస్తాయి. 2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడే దాకా హైదరాబాద్ బళ్లకు ఏపీ 9 నుంచి 13 దాకా కోడ్‌లు ఉండేవి. ఆ తర్వాత టీఎస్ వచ్చింది. 2024 మార్చి 15 నుంచి కొత్త బళ్లకు టీజీ ఇస్తున్నారు. బండి ఏ కాలం నాటిదో దూరం నుంచే తెలిసిపోతుంది. అది ఎలా బతికిందో మాత్రం నంబర్ ప్లేట్ చెప్పదు.

ఈ బళ్లలో చాలావరకు చేతులు మారినవే. నల్లగొండ నుంచో, పాలమూరు నుంచో, ఖమ్మం నుంచో గ్రూప్స్‌కు, పోలీసు ఉద్యోగాలకు, బ్యాంకు పరీక్షలకు చదువుకోవడానికి వచ్చినవాళ్లు అశోక్‌నగర్ హాస్టళ్లలో దిగుతారు. ఉద్యోగం వచ్చిన అన్న బండి అమ్మేసి పోస్టింగ్‌కు వెళ్తాడు. అప్పుడే ఊరి నుంచి వచ్చిన తమ్ముడు దాన్ని కొంటాడు. ఆ తమ్ముడి జీవితంలో అదే మొదటి వాహనం. డబ్బు ఇంటి నుంచి వచ్చిందే. పత్తి అమ్మితే మిగిలిందో, అమ్మ సంఘంలో తీసుకున్న అప్పో అయి ఉంటుంది. బేరం దగ్గర అతనికి వినిపించేవి నాలుగే మాటలు: "సింగిల్ ఓనర్ బండి తమ్ముడూ. ఇంజిన్ విప్పలేదు. మైలేజ్ అరవై గ్యారంటీ. షోరూమ్ కండిషన్."

ఆ నాలుగు మాటలూ నిజమే కావచ్చు. కాకపోతే తెలుసుకునే దారి ఉందా? ఉంది. అందుకు మెకానిక్ కానక్కర్లేదు. రాపిడి, వేడి, నీరు, కాంతి గురించి బడిలో చదువుకున్న పాఠాలు గుర్తుంటే చాలు. మీటర్‌ను తిప్పవచ్చు, రంగు వేయించవచ్చు, మాటను అందంగా చెప్పవచ్చు. అరుగుదల మాత్రం భౌతిక నియమాల ప్రకారమే నడుస్తుంది. దాన్ని చదవడం నేర్చుకున్న మనిషి ఇంకొకరి హామీ మీద ఆధారపడనక్కర్లేదు.

ఐదు సెంటీమీటర్లలో అర్ధభూగోళం

మన వీధుల్లో అందరికీ తెలిసిన బండి స్ప్లెండర్. 1994లో హీరో హోండా పేరుతో వచ్చింది. దాని పాత ఇంజిన్‌లో సిలిండర్ వ్యాసం 50 మిల్లీమీటర్లు, పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం 49.5 మిల్లీమీటర్లు. ఆ రెండిటితో ఘనపరిమాణం లెక్కగడితే 97.2 సీసీ వస్తుంది.

అలాంటి బండి 30,000 కిలోమీటర్లు తిరిగిందనుకుందాం. నగరంలో సగటు వేగం గంటకు 30 కిలోమీటర్లు అనుకుంటే ఇంజిన్ 1,000 గంటలు పనిచేసింది. నిమిషానికి సగటున 4,000 చుట్లు వేసుకున్నా, క్రాంక్ 24 కోట్ల సార్లు తిరిగింది. ఒక్కో చుట్టుకు పిస్టన్ ఒకసారి పైకి, ఒకసారి కిందికి వస్తుంది. అంటే అది దాదాపు ఐదు సెంటీమీటర్ల గదిలోనే అటూ ఇటూ తిరుగుతూ సుమారు 23,760 కిలోమీటర్లు ప్రయాణించింది. భూమి చుట్టుకొలతలో సగానికన్నా ఎక్కువ.

ఇంత దూరం లోహం మీద లోహం జారితే ఏం మిగులుతుంది? 1953లో బ్రిటిష్ శాస్త్రవేత్త ఆర్చర్డ్ దీనికి ఒక సూత్రం ప్రతిపాదించాడు. అరిగిపోయే లోహం పరిమాణం రెండు తలాల మధ్య పడే భారాన్ని బట్టి, అవి జారిన దూరాన్ని బట్టి పెరుగుతుంది. లోహం ఎంత గట్టిదైతే అంత తగ్గుతుంది. రాపిడి, అరుగుదల, కందెనల అధ్యయనానికి ట్రైబాలజీ అన్న పేరు 1966లో బ్రిటన్‌లో పీటర్ జోస్ట్ కమిటీ నివేదికతో ప్రచారంలోకి వచ్చింది. అరుగుదల, రాపిడి వల్ల బ్రిటన్ ఎంత సంపద పోగొట్టుకుంటోందో ఆ నివేదిక లెక్క కట్టింది.

పిస్టన్‌ను కాపాడేది ఇంజిన్ ఆయిల్. బండి నడుస్తున్నప్పుడు పిస్టన్ రింగులకూ సిలిండర్ గోడకూ మధ్య కొద్ది మైక్రాన్ల మందంలో నూనె పొర ఏర్పడుతుంది. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే వెంట్రుకలో చిన్న వంతు మందమున్న పొర మీద ఇంజిన్ ఆయుష్షు ఆధారపడి ఉంది. ఆ పొర నిలవాలంటే కదలిక ఉండాలి. రాత్రంతా ఆగిన బండిలో నూనె కిందికి జారిపోతుంది. పొద్దున స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో లోహం లోహాన్ని దాదాపు నేరుగా తాకుతుంది. అందుకే అరుగుదలలో స్టార్టింగ్ వాటా చాలా పెద్దది.

దీన్నుంచి మొదటిసారి కొనేవాళ్లు ఊహించని సంగతి ఒకటి బయటపడుతుంది. తక్కువ కిలోమీటర్లు తిరిగిన బండి మంచి బండి అని హామీ లేదు. ఒక లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. హైవే మీద నడిచే బండిలో వేడికి ఆ ఆవిరి బయటికి పోతుంది. అశోక్‌నగర్ హాస్టల్ నుంచి లైబ్రరీకి, అక్కడి నుంచి నారాయణగూడ మెస్సుకు ఐదేసి నిమిషాలు తిరిగే బండిలో ఇంజిన్ పూర్తిగా వేడెక్కే లోపే ఆగిపోతుంది. నీరు సైలెన్సర్‌లో నిలిచి లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. కొంత ఆయిల్‌లో కలుస్తుంది. కాలని పెట్రోలు కూడా కొంత దిగి ఆయిల్‌ను పలచన చేస్తుంది. నెలకోసారి ఊరికి వెళ్లి వస్తూ, వేళకు ఆయిల్ మార్చిన 40,000 కిలోమీటర్ల బండి ఆరోగ్యంగా ఉండవచ్చు. సందుల్లోనే తిరిగి 12,000 దగ్గర ఆగిన బండి లోపల దెబ్బతిని ఉండవచ్చు. "ఎంత తిరిగింది" అని మాత్రమే అడిగితే సగమే తెలుస్తుంది. "ఎక్కడెక్కడ తిరిగేది, ఆయిల్ ఎప్పుడెప్పుడు మార్చారు" అని కూడా అడగాలి.

మీటర్ మాట కూడా ఒకటి చెప్పుకోవాలి. పాత బళ్లలో ముందు చక్రం నుంచి వచ్చే కేబుల్ మీటర్‌ను తిప్పుతుంది. ఆ కేబుల్ ఊడదీస్తే బండి కదులుతున్నా అంకె కదలదు. కాబట్టి మీటర్‌ను ఇతర సాక్షులతో సరిచూడాలి. ఫుట్‌రెస్ట్ రబ్బరు గీతలు, బ్రేక్ పెడల్ అంచు, హ్యాండిల్ గ్రిప్పులు, డిస్క్ బ్రేకు ఉంటే డిస్క్ అంచున తేలిన గట్టు చూడండి. 11,000 చూపించే బండికి పెడల్ మీద గీతలన్నీ నునుపుగా అరిగిపోయి ఉంటే, రెండు సాక్ష్యాల్లో ఒకటి తప్పు.

చల్లటి ఇంజిన్ దగ్గర

బండి చూడటానికి వెళ్లేముందు ఫోన్‌లో ఒక్క మాట చెప్పండి: "అన్నా, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి." వెళ్లగానే ఇంజిన్ మీద చేయి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే, స్టార్టింగ్ కష్టాన్ని దాచడానికి ముందే నడిపి ఉండవచ్చు. కారణం అడగండి. వీలైతే మరో రోజు పొద్దున్నే రండి. ఇంజిన్ జబ్బులు చాలావరకు అది చల్లగా ఉన్నప్పుడే బయటపడతాయి.

కిక్ రాడ్ ఉన్న బండైతే, తాళం తిప్పకుండా చేత్తో మెల్లగా కిందికి నొక్కండి. ఒకచోట గట్టిగా ఎదురు నిలవాలి. పిస్టన్ గాలిని నొక్కుతున్న చోటు అది. ఏ ఎదురూ లేకుండా జారిపోతే గాలి ఎక్కడినుంచో తప్పించుకుంటోంది. అరిగిన రింగుల పక్కనుంచి కావచ్చు, సరిగా మూసుకోని వాల్వుల గుండా కావచ్చు. రెండిటిలో ఏదో తేల్చడానికి మెకానిక్‌లకు చక్కటి ప్రయోగం ఒకటి ఉంది. ముందు గేజ్‌తో కంప్రెషన్ కొలుస్తారు. తర్వాత ప్లగ్ రంధ్రంలోంచి చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. అంకె బాగా పెరిగితే ఆయిల్ రింగుల సందును మూసిందన్నమాట, లోపం రింగుల్లో ఉంది. పెరగకపోతే వాల్వులను అనుమానించాలి. రింగులూ సిలిండరూ బాగా అరిగితే బోర్ చేయించి 0.25 లేదా 0.50 మిల్లీమీటర్లు పెద్ద పిస్టన్ వేస్తారు. ఇంతకుముందు ఎన్నిసార్లు బోర్ చేయించారో అడిగి తెలుసుకోండి. సిలిండర్ గోడ మందానికి ఒక హద్దు ఉంది.

స్టార్ట్ చేశాక సైలెన్సర్ వెనుక నిలబడి పొగ రంగు చూడండి. చలికాలం పొద్దున కాస్త తెల్లటి ఆవిరి వచ్చి, ఇంజిన్ వేడెక్కగానే ఆగిపోతే అది ఇంతకుముందు చెప్పుకున్న నీరే, భయం లేదు. నల్లటి పొగ అంటే పెట్రోలు ఎక్కువై పూర్తిగా కాలడం లేదు. గాలి ఫిల్టర్ మూసుకుపోయినా, కార్బరేటర్ సర్దుబాటు తప్పినా అలా వస్తుంది. బాగుచేయడం సులువు. నీలం పొగ వస్తే జాగ్రత్తపడాలి. సిలిండర్‌లోకి చేరిన ఇంజిన్ ఆయిల్ అతి సన్నని బిందువులై బయటికి వస్తోంది. ఆ బిందువులు నీలికాంతిని ఎక్కువగా చెదరగొడతాయి. ఆకాశం ఎందుకు నీలమో 1871లో లార్డ్ రేలీ ఇచ్చిన వివరణకూ దీనికీ మూలం ఒకటే. నీలం పొగ ఎప్పుడు వస్తుందన్నది కూడా ముఖ్యం. స్టార్ట్ చేసిన క్షణంలో భక్కున వచ్చి తగ్గితే వాల్వ్ సీళ్లు గట్టిపడ్డాయి, చిన్న ఖర్చు. ఆక్సిలరేటర్ తిప్పినంతసేపూ వస్తే రింగులు అరిగాయి, పెద్ద ఖర్చు.

2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మిన కొత్త బళ్లు బీఎస్-6 ప్రమాణాలవి. వాటిలో చాలావాటికి కార్బరేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటుంది. తాళం తిప్పగానే ఇంజిన్ బొమ్మ ఉన్న పసుపు దీపం వెలిగి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉంది. తాళం తిప్పినప్పుడు అసలు వెలగకపోతే మరింత అనుమానించాలి, ఎవరో ఆ దీపాన్నే పనిచేయకుండా చేసి ఉండవచ్చు.

నాలా పక్కన పేటలు

మిగతా ఊళ్లకన్నా చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ పేటల్లో మరింత శ్రద్ధగా చూడాల్సింది నీటి జాడ. పదహారో శతాబ్దంలో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో కట్టిన హుస్సేన్‌సాగర్ నిండితే, మిగులు నీరు నాలా గుండా దోమలగూడ, అశోక్‌నగర్ మీదుగా మూసీ వైపు సాగుతుంది. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన నమోదైంది. నాలా పొంగి చుట్టుపక్కల లోతట్టు బస్తీలు మునిగాయి. 2020 అక్టోబర్ 13 రాత్రి వానకు నగరంలో ఎన్నో కాలనీలు నీటిలో చిక్కుకున్నాయి. సెల్లార్లలో, సందుల్లో నిలిపిన బళ్లు గంటల తరబడి నానాయి. వాటిలో ఎన్నో తర్వాత కడిగి, తుడిచి, మళ్లీ రోడ్డెక్కాయి.

నీట మునిగిన బండికి మునక కన్నా, మునిగాక ఎవరైనా కంగారుగా కిక్ కొట్టడం ఎక్కువ చేటు. కారణం చిన్న లెక్కలో ఉంది. 97.2 సీసీ ఇంజిన్ కంప్రెషన్ నిష్పత్తి 9:1 అనుకుంటే, పిస్టన్ పైకి చేరినప్పుడు మిగిలే ఖాళీ సుమారు 12 సీసీ మాత్రమే. గాలి నొక్కితే కుంచించుకుపోతుంది, నీరు కుంచించుకోదు. రెండున్నర టీస్పూన్ల నీరు సిలిండర్‌లో ఉంటే చాలు, పిస్టన్‌కు పైకి వెళ్లే చోటుండదు. ఆ బలానికి కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. కొద్దిగా వంగిన రాడ్‌తో బండి నడుస్తుంది కూడా, కానీ సిలిండర్ ఒకవైపే అరుగుతూ పోతుంది.

కడిగిన బండిలోనూ జాడ మిగులుతుంది. సీటు ఎత్తి బ్యాటరీ గదిలో, ఎయిర్ ఫిల్టర్ డబ్బా అడుగున, హెడ్‌లైట్ వెనుక సన్నటి ఒండ్రు పొర ఉందేమో చూడండి. వైర్ల కనెక్టర్లు ఒకటి రెండు ఊడదీసి చూస్తే రాగి మీద పచ్చటి చిలుము కనిపించవచ్చు. మీటర్ అద్దం లోపల నీటి గీత ఉండవచ్చు. ఒక ఎత్తు దాకా బోల్టులన్నీ ఒకేలా తుప్పుపట్టి, ఆ పైవి శుభ్రంగా ఉంటే నీరు అక్కడిదాకా వచ్చి ఆగింది.

ఆయిల్ మూత విప్పి చూడటం మరువద్దు. నల్లబడిన ఆయిల్‌తో చింత లేదు, అది మసిని తనలో పట్టుకుని తన పని చేసింది. మజ్జిగలా తెల్లబడి చిక్కగా ఉంటే నీరు కలిసింది. అయితే చిన్న ప్రయాణాలు చేసే బండిలో మూత అంచున కాస్త తెల్లటి తడి చేరడం మామూలే. అలాంటప్పుడు బండిని అరగంట నడిపించి మళ్లీ చూడండి. పోతే అది ఆవిరి, మిగిలితే నీరు. ఆయిల్‌ను వేలికి రాసుకుని ఎండలో చూస్తే మెరిసే రజను కనిపిస్తోందా? లోపల ఏదో బేరింగో గేరో అరిగిపోతోంది. ఆ బండిని వదిలేయండి.

చైన్, టైరు, ఫ్రేము

చైన్ సాగింది అంటాం. నిజానికి ఉక్కు సాగదు. ఒక్కో లింకు కీలులో పిన్నూ బుష్షూ అరిగి సందు పెరుగుతుంది. కీలుకు మిల్లీమీటరులో పదోవంతు అరిగినా, వంద లింకుల చైన్ ఒక సెంటీమీటరు పొడుగవుతుంది. అప్పుడు చైన్ దూరమూ స్ప్రాకెట్ పళ్ల దూరమూ సరిపడవు, పళ్లు వంకర తిరిగి కొక్కేల్లా మారతాయి. వెనుక స్ప్రాకెట్ మీది చైన్‌ను వెనక్కి లాగితే పన్ను సగం బయటపడుతోందంటే, చైన్ స్ప్రాకెట్ సెట్టు మొత్తం మార్చే ఖర్చు లెక్కలో వేసుకోవాలి.

టైరు పక్కగోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 3521 అంటే 2021లో 35వ వారంలో తయారైంది. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ దాని అణుబంధాలను తెంచుతాయి, సన్నటి పగుళ్లు వస్తాయి. గీతలు నిండుగా ఉన్న ఏడేళ్ల టైరు తడి రోడ్డు మీద నమ్మదగింది కాదు. ఇంకో ఉపయోగమూ ఉంది. మీటర్ 9,000 చూపిస్తూ, బండి తయారైన ఏడాదికన్నా టైర్లు చాలా కొత్తవైతే, మొదటి టైర్లు అంత త్వరగా ఎలా అరిగాయని అడగవచ్చు.

సెంటర్ స్టాండ్ వేసి, వెనుక ఎవరినైనా కూర్చోబెట్టి ముందు చక్రం గాల్లోకి లేపండి. హ్యాండిల్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పండి. నేరుగా వచ్చినప్పుడు టక్కుమని ఒక గుంటలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్, అంటే హ్యాండిల్ మెడలోని బేరింగుల సెట్టు, పోయింది. గుంతల దెబ్బలకు బేరింగ్ గోళీలు తమ దారిలో గుంటలు వేశాయి. లోహం మీద గోళీని నొక్కి, పడిన గుంటను బట్టి గట్టిదనం కొలిచే పరీక్షను స్వీడన్ ఇంజినీర్ బ్రినెల్ 1900లో పరిచయం చేశాడు. మన గుంతలు ప్రతి రోజూ ఆ పరీక్షను మన బళ్ల మీద చేస్తున్నాయి.

యాక్సిడెంట్ అయిన బండిని గుర్తుపట్టడానికి ఒక బకెట్ నీళ్లు చాలు. రెండు టైర్లూ తడిపి, చదునైన నేల మీద బండిని తిన్నగా తోయండి. ముందు చక్రం తడి జాడ మీదే వెనుక చక్రం జాడ పడాలి. రెండు జాడలు పక్కపక్కన పడితే, మొదట వెనుక చక్రం సర్దుబాటు సరిచేయించి మళ్లీ చూడండి. అప్పుడూ అలాగే పడితే ఫ్రేమో ఫోర్కో వంగింది. హ్యాండిల్ మెడ దగ్గర రంగు పగిలి ఉందా, కొత్త వెల్డింగ్ ఉందా వేలితో తడిమి చూడండి. వంగి, తిరిగి తిన్నగా అయిన ఉక్కు బయటికి బాగానే కనిపిస్తుంది. కానీ పదేపదే పడే భారానికి అక్కడే పగులు మొదలవుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో రైలు ఇరుసులు ఎందుకు విరుగుతున్నాయో పరిశోధించిన జర్మన్ ఇంజినీర్ వోలర్ ఈ లోహ అలసటను తొలిసారి క్రమబద్ధంగా కొలిచాడు. ఇంజిన్ పాడైతే బండి ఆగిపోతుంది. ఫ్రేము విరిగితే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ఫ్రేము మీద రాజీ పడవద్దు.

వాలు మీద పరీక్ష

ఇన్సూరెన్స్ ఉన్న బండి మీదే, లైసెన్స్ జేబులో పెట్టుకుని, హెల్మెట్ పెట్టుకునే టెస్ట్ రైడ్‌కు వెళ్లాలి. సమతలం మీద ప్రతి ఇంజినూ బాగానే ఉన్నట్టనిపిస్తుంది. నారాయణగూడ ఫ్లైఓవర్ లాంటి ఎత్తు ఎక్కించండి. బండీ మీరూ కలిసి 180 కిలోలు, వాలు 4 శాతం అనుకుందాం. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే గురుత్వాకర్షణకు ఎదురీదడానికే సుమారు 780 వాట్లు, అంటే ఒక హార్స్‌పవర్ పైచిలుకు అదనంగా కావాలి. ఆరోగ్యంగా ఉన్న వంద సీసీ ఇంజిన్ 8 హార్స్‌పవర్ దాకా ఇవ్వగలదు. ఆ చిన్న వాలుకే గేరు తగ్గించాల్సి వస్తే కంప్రెషన్ పోయి ఉండవచ్చు. ఇంజిన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు జారుతున్నాయి. దిగేటప్పుడు వెనుక వాహనాలు లేవని చూసుకుని బ్రేకులు విడివిడిగా పరీక్షించండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉండే గతిశక్తి 40 వేగంలో ఉన్నదానికి రెండింతలకు మించి ఉంటుంది. ఆ శక్తినంతా వేడిగా మార్చాల్సింది బ్రేకులే.

నాలుగు చక్రాల ఏటీవీ

నగర శివారు రిసార్టుల్లో, సాహస క్రీడా మైదానాల్లో మట్టి దారుల మీద దూకే ఏటీవీలను (ఆల్ టెర్రైన్ వెహికల్స్) చూసి, అలాంటిది సెకండ్ హ్యాండ్‌లో కొనాలని ముచ్చటపడే యువకులూ ఉన్నారు. స్పోర్ట్ ఏటీవీకి గుండెకాయ మోటార్‌సైకిల్ ఇంజినే. యమహా రాప్టర్ 700లో ఉన్నది 686 సీసీల ఒకే ఒక్క సిలిండర్. పైన చెప్పిన పరీక్షలు చాలావరకు దానికీ వర్తిస్తాయి.

తేడాలు రెండు. మొదటిది ధూళి. మట్టిలోని క్వార్ట్జ్ రేణువులు మామూలు ఉక్కుకన్నా గట్టివి. ఫిల్టర్ దాటి అవి లోపలికి వెళ్తే, ఆర్చర్డ్ సూత్రంలో అరిగే వైపు పిస్టన్ రింగులే ఉంటాయి. ఎయిర్ ఫిల్టర్ తీసి, దాని తర్వాతి గొట్టం లోపల వేలు పెట్టి తుడవండి. వేలికి ధూళి అంటితే ఇంజిన్ మట్టి తిన్నట్టే. రెండోది వెనుక ఇరుసు. స్పోర్ట్ ఏటీవీలో వెనుక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి, డిఫరెన్షియల్ ఉండదు. వాటి మధ్య దూరం ఒక మీటరు అనుకుంటే, తొంభై డిగ్రీల మలుపులో బయటి చక్రం లోపలి చక్రంకన్నా 1.57 మీటర్లు ఎక్కువ వెళ్లాలి. మట్టిలో ఏదో ఒక చక్రం జారి ఆ తేడాను సర్దుకుంటుంది. తారు రోడ్డు జారనివ్వదు. బండి మలుపు తిరగక నేరుగా తోసుకుపోవచ్చు, లేదా బోల్తా పడవచ్చు. అందుకే తయారీదారులే వీటిని రోడ్ల మీద నడపవద్దని హెచ్చరిస్తారు. హోండా 1970లో తెచ్చిన మూడు చక్రాల ఏటీవీల వంశం, ప్రమాదాలు పెరిగిపోయి 1988లో అమెరికాలో అమ్మకాలు ఆగిపోవడంతో ముగిసింది. మన దేశంలో కూడా స్పోర్ట్ ఏటీవీలు సాధారణంగా రోడ్డు వాహనాలుగా రిజిస్టర్ కావు. సొంత భూమిలోనో, మైదానంలోనో నడిపే వీలున్నవాళ్లకే అది తగిన వస్తువు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ ట్రాఫిక్‌లో దానికి చోటు లేదు.

చెరిపినా మిగిలే నంబరు

ఛాసిస్ నంబరు బైకుల్లో చాలావరకు హ్యాండిల్ మెడ మీద గుద్ది ఉంటుంది. ఆర్‌సీ మీద ఉన్న ఛాసిస్, ఇంజిన్ నంబర్లను అంకె అంకె చదివి సరిచూడండి. దొంగబళ్ల మీద ఈ అంకెలను అరగదీసి కొత్తవి కొడతారు. పైకి కనిపించేది పోయినా అడుగున సాక్ష్యం మిగులుతుంది. అంకె గుద్దినప్పుడు ఆ దెబ్బ కింది పొరల్లోని స్ఫటిక నిర్మాణాన్ని కూడా నలుపుతుంది. నలిగిన లోహం ఆమ్ల ద్రావణానికి చుట్టూ ఉన్న లోహంకన్నా వేరుగా స్పందిస్తుంది. అలా చెరిపిన అంకెలను మళ్లీ కనిపించేలా చేయడం రెడ్‌హిల్స్‌లోని రాష్ట్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల లాంటి చోట్ల వాడే పద్ధతుల్లో ఒకటి. మీ చేతిలో ఆమ్లం ఉండదు. ఆ చోట ఆకురాయి గీతలు ఉన్నా, అంకెల వరస తప్పినా, ఒక్క ఆ భాగానికే కొత్త రంగు ఉన్నా వెనుదిరగడానికి అది చాలు.

కాగితాలకూ శ్రద్ధ కావాలి. రవాణా శాఖ వెబ్‌సైట్‌లో నంబరు కొట్టి ఓనర్ పేరు, అప్పు వివరాలు చూడండి. ఈ-చలాన్లు కట్టి ఉన్నాయా చూసుకోండి. ఫైనాన్స్ ఉన్న బండైతే అప్పు తీరినట్టు సంస్థ ఇచ్చే పత్రంతో పాటు ఫారం 35 కావాలి. యాజమాన్య మార్పుకు ఫారం 29, 30 ఇవ్వాలి. 1988 మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే చెల్లుతుంది. అంటే 2010 నాటి ఏపీ నంబరు బండికి ఆర్‌సీ మళ్లీ పొడిగించారో లేదో చూడాలి. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త ద్విచక్రవాహనాలకు ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి చేశారు. ఆ ఐదేళ్లు దాటితే మళ్లీ కట్టారా అని అడగండి.

"పేరు తర్వాత మార్చుకుందాంలే" అన్న మాట ఇద్దరికీ ప్రమాదమే. ప్రమాదం జరిగినప్పుడు చట్టం దృష్టిలో ఓనర్ అంటే రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందో ఆ మనిషేనని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో స్పష్టం చేసింది. అమ్మిన అన్న ఎక్కడో ఉద్యోగం చేసుకుంటూ, తాను చూడని ప్రమాదానికి పరిహారం కట్టాల్సి రావచ్చు.

సాక్ష్యాలన్నీ కలిపి

ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకూడదు. శాస్త్రం నేర్పే క్రమశిక్షణ అదే. ఒకదానిపై ఒకటి ఆధారపడని సాక్ష్యాలు ఎన్ని ఒకే మాట చెబితే, ఆ మాట అంత బలమైనది. మీటర్, పెడల్, టైరు తేదీ, చైన్, పొగ, ఆయిల్, కాగితం అన్నీ ఒకే కథ చెబితే ధైర్యంగా కొనండి. ఒకటి విడిగా పలికితే కారణం అడగండి. రెండు మూడు విడిగా పలికితే దండం పెట్టి వచ్చేయండి, బండికి కొదవ లేదు. బాగుచేయగల లోపాలన్నీ ఒక కాగితం మీద రాసి, ఒక్కోదానికి అయ్యే ఖర్చు మీకు తెలిసిన మెకానిక్‌ను అడిగి, ఆ మొత్తాన్ని ధరలోంచి తగ్గించమని అడగండి. అది గీచి గీచి ఆడే బేరం కాదు, లెక్క. నిజాయితీగల అన్న దాన్ని అర్థం చేసుకుంటాడు. మీ దగ్గరున్న డబ్బంతా బండికే పెట్టకుండా ఐఎస్ఐ గుర్తున్న మంచి హెల్మెట్‌కు, కొత్త ఇంజిన్ ఆయిల్‌కు, బ్రేకులకు కొంత పక్కన ఉంచండి.

కొన్న రోజే ఒక చిన్న నోటుపుస్తకం మొదలుపెట్టండి. మీటర్ అంకె, ఆయిల్ మార్చిన తేదీ, పెట్రోలు పోయించిన లీటర్లు, మార్చిన ప్రతి వస్తువు అందులో రాయండి. మైలేజ్ పడిపోతుంటే బండి మొరాయించకముందే ఆ పుస్తకం హెచ్చరిస్తుంది. మీకు ఉద్యోగం వచ్చి బండి అమ్మే రోజున, దాన్ని తాళాలతో పాటు తర్వాతి తమ్ముడికో చెల్లెలికో ఇవ్వండి. మీరు గంటల తరబడి వెతికిన నిజాన్ని వాళ్లు వెతుక్కోనక్కర్లేకుండా చేయగలిగింది మీరే.